డబ్బున్న దేశాల్లో కూడా పేదవాడికి వైద్యం ఎందుకు అందట్లేదు
(విశాఖపట్నంలో ఒక ఆదివారం సభలో రిటైర్డ్ నర్సు ఒకరు మాట్లాడిన మాటలు, రికార్డింగ్ విని రాసినవి)

నమస్కారమండి అందరికీ. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? బాబూ, ఆ పక్క ఫ్యాన్ కాస్త తగ్గించు, మైకులో గాలి కొట్టేస్తోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

పోయినసారి ఇక్కడ పేదరికం గురించి మాట్లాడుకుంటున్నప్పుడు డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు లేచి ఒక మాటన్నాడు, "మనది ఇంకా ఎదుగుతున్న దేశం కాబట్టి ఆసుపత్రులు చాలట్లేదమ్మా, రేపు మనం కూడా అమెరికా అంత సంపాదిస్తే ఇవన్నీ వాటంతటవే సర్దుకుంటాయి కదా" అని. మంచి ప్రశ్న. చాలామంది మనసులో ఉన్నదే ఆ అబ్బాయి పైకి అడిగాడు. ఆ రోజు టైమ్ అయిపోయింది, అందుకని ఇవాళ మొత్తం దాని మీదే మాట్లాడదామని వచ్చాను. సర్దుకోవండి. డబ్బు వచ్చినంత మాత్రాన సర్దుకోవు. ఎందుకు సర్దుకోవో నాకు తెలిసినంత చెప్తాను.

నేను నర్సుగా చేసి రిటైరైన మనిషిని. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, పాడేరు అవతల నుంచి, ఒడిశాలో కోరాపుట్, మల్కన్‌గిరి నుంచి కూడా జనం వైద్యానికి విశాఖే వస్తారు, వాళ్ళ మంచాల పక్కన నిలబడి పనిచేసినదాన్ని, కాబట్టి దేశాల లెక్కలు చెప్పినా నేను ఆ మంచం దగ్గర నుంచే చూస్తాను.

ముందు అమెరికా సంగతి తీసుకుందాం, ఎందుకంటే మన ఊళ్ళో ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళినా పిల్లలు అక్కడున్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. 2023లో ఆ దేశం వైద్యం మీద పెట్టిన ఖర్చు 4.9 లక్షల కోట్ల డాలర్లు. మనిషికి సగటున 14,570 డాలర్లు, మన రూపాయల్లో చెప్పాలంటే తలకి దగ్గర దగ్గర 12 లక్షలు, పసిపిల్లాడితో సహా. దేశం మొత్తం ఆదాయంలో 17.6 శాతం. డబ్బున్న దేశాల్లో ఇంకేదీ ఇంత పెట్టట్లేదు. అదే ఏడాది అక్కడ ఇన్సూరెన్స్ లేనివాళ్ళు 2.6 కోట్ల మంది, ప్రభుత్వ లెక్కలోనే పేదలు 3.68 కోట్ల మంది. సగటు ఆయుష్షు 78.4 ఏళ్ళు, జపాన్‌లో 84 దాటింది, జపాన్ పెట్టే ఖర్చేమో అందులో సగం కూడా ఉండదు. మరి ఇక్కడ డబ్బు లోటు ఎక్కడుందండీ? మన రిజర్వాయర్ నిండా నీళ్ళున్నా కొండవాలు ఇళ్ళకి నీళ్ళు ఎక్కవు చూడండి, లైను అలా వేశారు కాబట్టి ఎక్కవు, ఇదీ అంతే. కాబట్టి ఎంత డబ్బుంది అన్న ప్రశ్న పక్కన పెట్టేసి, ఆ లైను ఎవరు ఎప్పుడు ఎలా వేశారు అన్నది చూడాలి.

1942లో, యుద్ధం రోజుల్లో, ధరలు పెరగకుండా అమెరికా ప్రభుత్వం జీతాల మీద పరిమితి పెట్టింది. కంపెనీలకి మనుషులు కావాలి, జీతం పెంచడానికేమో లేదు, అందుకని హెల్త్ ఇన్సూరెన్స్ ఇస్తాం మా దగ్గర చేరండి అన్నాయి. తర్వాత 1954లో ఆ ఇన్సూరెన్స్ మీద పన్ను లేదని చట్టంలోనే రాసేశారు. అంతే, వైద్యం వెళ్ళి ఉద్యోగానికి అతుక్కుపోయింది. ట్రూమన్ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు 1945లోనే అందరికీ ఒకటే ప్రభుత్వ ఇన్సూరెన్స్ పెడదామన్నాడు, అక్కడి డాక్టర్ల సంఘం డబ్బు ఖర్చుపెట్టి మరీ ప్రచారం చేసి అడ్డుకుంది. ఆఖరికి 1965లో జాన్సన్ హయాంలో ముసలివాళ్ళకి మెడికేర్, పేదలకి మెడికెయిడ్ వచ్చాయి. అది చాలా పెద్ద అడుగు, నేను తక్కువ చేసి చెప్పను. మెడికేర్ డబ్బులు కావాలంటే నల్లవాళ్ళకి వేరే వార్డు, తెల్లవాళ్ళకి వేరే వార్డు ఉండకూడదని షరతు పెట్టేసరికి 1966లో నెలల వ్యవధిలో వెయ్యి దాకా ఆసుపత్రులు ఆ అడ్డుగోడలు తీసేశాయి. దశాబ్దాలుగా మారదు మారదు అన్నది కొన్ని నెలల్లో మారిపోయిందండీ, ఎందుకంటే ప్రభుత్వం గట్టిగా అనుకుంది.

కానీ మిగతా జనం సంగతి ఉద్యోగం దగ్గరే ఆగిపోయింది. ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ పోతుంది, జబ్బు చేస్తే ఉద్యోగం పోతుంది, అంటే సరిగ్గా వైద్యం కావలసిన రోజునే వైద్యం చేతిలోంచి జారిపోతుంది. ఇది మనకి కొత్తేం కాదు. ఫ్యాక్టరీలున్న గాజువాక వైపు నుంచి వచ్చినవాళ్ళకి నేను చెప్పాలా? ఒకే గేటులోంచి ఇద్దరు లోపలికి వెళ్తారు, ఒకే ఎండలో ఒకే పని చేస్తారు, పర్మినెంట్ ఆయనకి కంపెనీ ఆసుపత్రి, కాంట్రాక్టు ఆయనకి ఈఎస్‌ఐ కార్డు, ఆ కార్డు కూడా కాంట్రాక్టరు డబ్బులు సరిగ్గా కడితేనే. జీతం 21 వేలు దాటితే ఈఎస్‌ఐలోంచి బయటికి, అప్పుడు చేతిలో ఏ కార్డూ ఉండదు. అమెరికాలో దేశం మొత్తం ఈ పద్ధతి మీద నడుస్తోంది.

ఇప్పుడు మీరు కాస్త జాగ్రత్తగా వినాల్సింది ఒకటి చెప్తాను, ఎందుకంటే ఇది మొదటిసారి చదివినప్పుడు నేనే నమ్మలేదు, మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. 2010లో ఒబామా చట్టం తెచ్చాడు. పేదరిక రేఖకి దగ్గర్లో ఉన్నవాళ్ళందరినీ మెడికెయిడ్‌లో చేర్చాలి, ఆ పైనున్నవాళ్ళకి ఇన్సూరెన్స్ కొనుక్కోవడానికి ప్రభుత్వం సాయం చేయాలి, ఇదీ ప్లాను. 2012లో సుప్రీంకోర్టు ఏమందంటే, మెడికెయిడ్ పెంచడం రాష్ట్రాల ఇష్టం, బలవంతం చేయకూడదు అంది. టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా, మిసిసిపీ, అలబామా ఇలా ఇప్పటికీ పది రాష్ట్రాలు పెంచలేదు. చట్టం రాసినవాళ్ళేమో కింద ఉన్నవాళ్ళని మెడికెయిడ్ చూసుకుంటుంది అనుకుని, కొనుక్కోవడానికి ఇచ్చే సాయాన్ని పేదరిక రేఖ పైనుంచే మొదలుపెట్టారు. దాని ఫలితం చూడండి. టెక్సస్‌లో గంటకి కనీస కూలి 7.25 డాలర్లు, 2009 నుంచి పైసా పెరగలేదు. ఒంటరి మనిషి వారానికి 40 గంటలు ఏడాది పొడుగునా చేస్తే 15,080 డాలర్లు వస్తాయి. 2024లో ఒక మనిషికి పేదరిక రేఖ 15,060. ఆ ఏడాది లెక్కన ఇరవై డాలర్ల తేడాతో ఆయన సాయానికి అర్హుడు. యజమాని గంటలు తగ్గించి వారానికి 30 చేశాడనుకోండి, ఆదాయం 11,310కి పడిపోయింది, ఇప్పుడు ఆయనకి సాయం లేదు. మెడికెయిడూ లేదు, ఎందుకంటే అక్కడ పిల్లలు లేని మామూలు మనిషికి ఎంత పేదవాడైనా మెడికెయిడ్ ఇవ్వరు. అంటే ఆయన ఇంకా పేదవాడయ్యాడు కాబట్టి ఆయనకి సాయం ఆగిపోయింది. ఆ పది రాష్ట్రాల్లో ఇలా మధ్యలో పడిపోయినవాళ్ళు పది లక్షల మంది పైనే. వీళ్ళు సోమరిపోతులా? హోటల్లో గిన్నెలు కడిగేవాళ్ళు, ముసలివాళ్ళకి స్నానాలు చేయించే ఆయాలు, గ్యాస్ స్టేషన్లో రాత్రి డ్యూటీ చేసేవాళ్ళు. అలాంటి పనుల్లో మన తెలుగు పిల్లలు కూడా కొంతమంది ఉంటారు, ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పరు అంతే.

ఇంకోటి, నర్సుగా నాకు బాగా కడుపు మండే విషయం. కిడ్నీలు పూర్తిగా పాడైపోయినవాళ్ళకి అమెరికాలో 1972లో ఒక చట్టం చేశారు, వయసుతో పని లేకుండా మెడికేర్ కిందికి వస్తారు, కొన్నాళ్ళు ఉద్యోగం చేసి పన్ను కట్టి ఉంటే చాలు, లేదా అలా కట్టినవాళ్ళ భార్యో భర్తో అయినా సరే. డయాలసిస్ అవుతుంది, మార్పిడి అవుతుంది. మంచి చట్టం, లక్షల ప్రాణాలు నిలబెట్టింది. కానీ కిడ్నీ ఎందుకు పోతుందండీ ఎక్కువమందికి? షుగర్, బీపీ. ఆ షుగర్, బీపీ మాత్రలకి మాత్రం పైన చెప్పిన మనిషికి ఏ ఏర్పాటూ లేదు. నలభై ఏళ్ళప్పుడు నెలకి కొంచెం డబ్బుతో అయిపోయే వైద్యానికి నువ్వు అర్హుడివి కాదు, యాభై ఐదుకి కిడ్నీలు ఎండిపోయాక వారానికి మూడుసార్లు మిషను మీద పడుకోవడానికి అర్హుడివి. ఇది ఖర్చు తగ్గించుకోవడం ఎలా అవుతుంది? ఇన్సులిన్ సంగతి చూడండి, 1921లో టొరంటోలో కనిపెట్టారు, కనిపెట్టినవాళ్ళు పేటెంటుని తలా ఒక డాలరుకి యూనివర్సిటీకి ఇచ్చేశారు, అందరికీ అందాలని. వందేళ్ళ తర్వాత అదే ఇన్సులిన్ కొనలేక డోసు తగ్గించి పొడుచుకున్నవాళ్ళు ఆ పక్క దేశంలోనే ఉన్నారు. మెడికేర్‌లో ఉన్నవాళ్ళకి నెలకి 35 డాలర్లు మించకూడదని 2022లో చట్టం చేస్తే గానీ కొంత ఊపిరి రాలేదు.

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానం చూసినవాళ్ళకి ఈ మాట వేరేగా తగులుతుంది. అక్కడ కిడ్నీ జబ్బుకి మూలం షుగర్ ఒక్కటే కాదు, కారణం ఇంకా తేలలేదు, ఆ తేడా నాకు తెలుసు. కానీ డయాలసిస్ దాకా వచ్చాక కదిలే వ్యవస్థకీ, ముందే ఇంటికి వచ్చి రక్తం పరీక్ష చేసి పట్టుకునే వ్యవస్థకీ తేడా ఏంటో సోంపేట, కవిటి జనానికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఎమర్జెన్సీలో చూస్తారు కదా అంటారు కొందరు. చూస్తారు. 1986 నుంచి చట్టం ఉంది, డబ్బున్నా లేకపోయినా ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళని పరీక్ష చేసి ప్రాణాపాయం తప్పించాలి. బిల్లు మాత్రం ఇంటికి వస్తుంది. అంబులెన్స్‌కి కూడా బిల్లే. మనకి 2005 నుంచి 108 ఉంది, పిలవడానికి ముందు జేబు తడుముకోం, ఆ ఒక్క విషయంలో మనం ఎంత అదృష్టవంతులమో అక్కడ ఉన్నవాళ్ళని అడగండి. ఛాతీలో నొప్పి వస్తుంటే ట్యాక్సీ పిలుచుకునేవాళ్ళున్నారు.

సరే, ఇదంతా అమెరికా గొడవ, ఇంగ్లండ్‌లో అంతా ఉచితం కదా అని అడుగుతారు. నిజమే, 1948 జూలై 5న అన్యూరిన్ బెవన్ అనే మంత్రి ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ వైద్య వ్యవస్థ మొదలుపెట్టాడు, గని కార్మికుడి కొడుకు, తనూ గనిలో దిగినవాడు. డాక్టరు దగ్గర డబ్బు అడగరు. నా ఉద్దేశంలో మనుషులు చేసిన గొప్ప పనుల్లో అదొకటి. అయినా సరే 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ ఒక లెక్క బయటపెట్టింది. అదే బ్రిటన్‌లో భాగమైన స్కాట్లండ్‌లో గ్లాస్గో నగరంలో కాల్టన్ అనే పేదపేట, అక్కడ మగవాళ్ళ సగటు ఆయుష్షు 54 ఏళ్ళు. కొద్ది కిలోమీటర్ల అవతల లెంజీ అనే చోట 82. ఆ పట్టికలోనే మన ఇండియా మగవాళ్ళది 62 అని ఉంది. అర్థమైందాండీ? ఉచిత వైద్యం ఉన్న ధనిక దేశంలో, ఆ పేటలో పుట్టినవాడు సగటు భారతీయుడి కంటే ఎనిమిదేళ్ళు ముందే పోయేవాడు అప్పట్లో. ఓడల తయారీ, ఉక్కు, పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, పని పోయింది, దాని వెనకే తాగుడు, చలి తడి ఎక్కిన ఇళ్ళు, ఒంటరితనం. డాక్టరు ఫీజు తీసేస్తే అవన్నీ పోవు. ఉక్కు, ఓడలు అని నేను అంటుంటే మీలో కొంతమంది మొహాలు మారాయి, అవును, మన ఊరు కూడా వాటి మీదే బతుకుతోంది, అందుకే ఈ ఉదాహరణ ప్రత్యేకంగా తెచ్చాను.

వేల్స్‌లో ఒక గని ఊళ్ళో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లో దీన్ని సూత్రంలా రాశాడు. అవసరం ఎక్కడ ఎక్కువో మంచి వైద్యం అక్కడే తక్కువ ఉంటుంది, మార్కెట్ చేతిలో పెడితే ఇది ఇంకా ముదురుతుంది అన్నాడు. వ్యతిరేక సేవా సూత్రం అనుకోండి. ఇది మనం కళ్ళారా చూసేదే. బీచ్ రోడ్డు దగ్గర్నుంచి రామ్‌నగర్ దాకా నడిస్తే ఎన్ని కార్డియాలజీ బోర్డులు కనపడతాయి? కొండ మీద గూడెంలో నొప్పులొచ్చిన ఆడపిల్లని డోలీలో మోసుకుని రోడ్డు దాకా తెస్తున్నారు ఇప్పటికీ. ఆరోగ్యశ్రీ కార్డు ఆ పిల్ల దగ్గరా ఉంటుంది. కార్డు ఉంది, రోడ్డు లేదు.

పేదరికం సంగతికి వస్తాను, ఎందుకంటే వైద్యం ఒక్కటే విడదీసి చూస్తే లాభం లేదు. ధనిక దేశంలో పేదరికం ఎప్పటికీ ఉండేదే, ఏం చేసినా పోదు అనే మాట నేను ఒప్పుకోను, ఎందుకంటే అది పోతుందని వాళ్ళే చూపించారు. 2021లో కోవిడ్ సాయం కింద అమెరికాలో పిల్లలున్న ఇళ్ళకి జూలై నుంచి డిసెంబరు దాకా నెల నెలా డబ్బులు వేశారు, ఆరేళ్ళలోపు బిడ్డకి 300 డాలర్లు, పై పిల్లలకి 250. అంతకుముందు కూడా ఆ పథకం ఉంది, కానీ అసలు సంపాదనే లేని ఇంటికి రాదు, బాగా తక్కువ సంపాదించే ఇంటికి పూర్తిగా రాదు. ఆ ఏడాది ఆ షరతు తీసేశారు. సాయాలన్నీ కలిపి లెక్కేసే పద్ధతిలో పిల్లల పేదరికం 2020లో 9.7 శాతం ఉన్నది 2021లో 5.2 శాతానికి పడిపోయింది. ఏడాదిలో దగ్గర దగ్గర సగం! తర్వాత పొడిగించడానికి సెనేట్‌లో ఓట్లు చాలలేదు, ఆగిపోయింది. 2022లో ఎంతయిందో తెలుసా, 12.4 శాతం. ఆ తల్లులు ఏడాదిలో కష్టపడటం నేర్చుకుని మర్నాడే మర్చిపోయారా? అవేం కాదు, డబ్బు వేశారు తగ్గింది, ఆపారు పెరిగింది.

కాగితాల గురించి రెండు మాటలు. కోవిడ్ టైములో మెడికెయిడ్ నుంచి ఎవరినీ తీసేయకూడదని అక్కడ రూలు పెట్టారు, 2023 వసంతంలో అది ఎత్తేశారు. ఆ తర్వాత రెండున్నర కోట్ల మంది దాకా పేర్లు పోయాయి. అందులో పదిమందిలో ఏడుగురి సంగతి ఏంటంటే, వాళ్ళు అర్హులు కాదని తేలి కాదు, ఫారం తిరిగి పంపలేదని, ఇల్లు మారితే ఉత్తరం అందలేదని, ఇలాంటి కారణాలు. మన దగ్గర వేలిముద్ర పడలేదని రేషన్ ఆగిన ముసలమ్మని చూడనివాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? పాచిపని చేసి చేసి వేళ్ళు అరిగిపోతే ముద్ర ఎలా పడుతుంది? ఒకే మీటరు కింద మూడు కుటుంబాలున్న ఇంట్లో కరెంటు 300 యూనిట్లు దాటిందని కార్డుకి అభ్యంతరం వస్తుంది. ఎవరో ఒకడు దొంగతనంగా తినేస్తాడేమో అన్న భయంతో వందమంది ఆకలిగా ఉన్నవాళ్ళని గుమ్మంలో నిలబెడతాం. అన్ని దేశాల్లోనూ ఇదే చూస్తున్నాను, నిరూపించుకునే భారమంతా బలహీనుడి నెత్తిన పెడతారు, ఓపిక లేనివాడు, చదువు రానివాడు, జ్వరంతో ఉన్నవాడు మధ్యలోనే రాలిపోతాడు, ఆ తర్వాత దరఖాస్తులు తగ్గాయి కాబట్టి అవసరం తగ్గిందని రాసుకుంటారు.

మన సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి, అన్నీ చెడ్డవి కాదు. 2004-05లో దేశంలో వైద్యం ఖర్చులో 69 శాతం జనం జేబులోంచే పోయేది, 2021-22కి అది 39 శాతానికి వచ్చింది. మన విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ 1923 నుంచి నడుస్తోంది, ఇవాళ్టికీ అక్కడికి వెళ్ళినవాళ్ళని నీ ఉద్యోగం ఏంటని అడగరు. అందుకే ఆ అబ్బాయికి నేను చెప్పేది, అమెరికా అంత సంపాదించేదాకా ఆగక్కర్లేదు నాన్నా, అంత సంపాదించినా ఇది రాకపోవచ్చు. గుమ్మం దగ్గర ఏం అడుగుతున్నాం అన్నది ఇప్పుడే తేల్చుకోవచ్చు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పండి మాస్టారూ. ...మైకు ఇవ్వండి ఆయనకి.

మాస్టారు అడుగుతున్నది, పన్ను కట్టేది మేము, అందరికీ ఉచితం అంటే మా మీదే కదా పడేది అని. మాస్టారూ, అమెరికాలో పన్ను కట్టేవాళ్ళు ఇప్పటికే కడుతున్నారు, ప్రభుత్వం వైద్యం మీద పెట్టేది తక్కువేం కాదు, దాని పైన ఇన్సూరెన్స్‌కి మళ్ళీ కడుతున్నారు, ఆ పైన ఆసుపత్రికి వెళ్తే బిల్లులో తమ వాటా ఇంకా కడుతున్నారు. ఒకే వైద్యానికి మూడుసార్లు. మీ అబ్బాయి అక్కడే ఉన్నాడు కదా, పెద్ద కంపెనీలో ఉన్నా పంటి పని ఇక్కడికొచ్చినప్పుడు చేయించుకుంటాడా లేదా? మీరు వెళ్ళేటప్పుడు ఆరు నెలల మందులు ఇక్కడ మెడికల్ షాపులోనే కొని సూట్‌కేసులో పెట్టుకుంటారా లేదా? పేదవాడికి లేకుండా చేస్తే మనకి మిగులుతుంది అనేది ఆ దేశంలో జరగలేదు, మిగతా అందరికీ కూడా ఖరీదైపోయింది.

ఇంకెవరమ్మా? ఆ, చెల్లెమ్మా. పల్లెల్లో ఆసుపత్రులు మూసేస్తున్నారట నిజమేనా అని. నిజమేనమ్మా. 2010 నుంచి అమెరికా పల్లెల్లో వందకి పైగా ఆసుపత్రులు మూతపడ్డాయి, మెడికెయిడ్ పెంచని రాష్ట్రాల్లో ఎక్కువ. మూసేయని చోట కూడా ముందు ఎత్తేసేది కాన్పుల వార్డునే, ఎందుకంటే నెలకి నాలుగైదు కాన్పులే అయినా రాత్రింబగళ్ళు డాక్టరూ నర్సూ మత్తు డాక్టరూ ఉండాలి, ఆసుపత్రికి అది నష్టం కింద కనిపిస్తుంది. మన సాలూరులో గిరిజన గర్భిణీల కోసం వసతి గృహం పెట్టారు చూశారా, నెలలు నిండకముందే కొండల మీద నుంచి తీసుకొచ్చి అక్కడే ఉంచి తిండి పెట్టి కాన్పు టైముకి ఆసుపత్రికి చేరుస్తారు. దానికి అక్కడి అంత డబ్బు పట్టలేదు. నువ్వు ఏ మండలం నుంచి వచ్చావమ్మా? జి.మాడుగులా? అయితే సభ అయ్యాక నా దగ్గరికి రా, మీ గూడేల్లో ఈ నెలలో నెలలు నిండేవాళ్ళు ఎంతమందో ఆశా కార్యకర్త దగ్గర లిస్టు ఉంటుంది, ముందు ఆ లిస్టు తీసుకుని కూర్చుందాం.